కౌలురైతు నెరుగని కంప్యూటరు

మచిలీపట్టణమున 1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీని ఆంధ్రాబ్యాంకు రిజిస్టరు చేయబడెను. ఆ నెల 28వ తేదీని తలుపులు తెరచి పని మొదలిడెను. చెల్లించిన మూలధనము 1 లక్ష రూపాయలు మాత్రమే. మరునెలలో కాకినాడయందు మౌలానా మహమ్మదాలీగారి అధ్యక్షతను కాంగ్రెసు మహాసభ జరిగెను. ఒక చేత స్వరాజ్యమును కోరుచు రెండవ చేత బ్యాంకును స్థాపించిన కాలమది. వైద్యవృత్తిని విడిచి దేశసేవకు దిగిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆ బ్యాంకునకు మూలపురుషులు. రైతు వడ్డీవ్యాపారి గుమ్మమున నిలువకుండుట కూడ స్వరాజ్యములో నొక భాగమేనని తలచిన తరము వారిది.

ఆ బ్యాంకు 1980 ఏప్రిలు 15వ తేదీని జాతీయమైనది. 2020 ఏప్రిలు 1వ తేదీని యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు పోయినదని ఆంధ్రులు దుఃఖించిరి. ఈ వ్యాసకర్తయు దుఃఖించెను. పితరులు పెట్టిన పేరు బోర్డుమీదనుండి దిగిపోవుచుండగా దుఃఖింపనివాడెవడు? అయినను నేడు ఆ గాయమును మరల రేపుటకు కలమును పట్టలేదు. పేరు నిలిచినదా లేదా యనునది యొక ప్రశ్న. ఏ పనికై ఆ పేరు పెట్టబడెనో ఆ పని నిలిచినదా లేదా యనునది వేరొక ప్రశ్న. ఈ రెండవదానికి సమాధానము ఇప్పుడు చాలవరకు కంప్యూటరు చేతిలో నున్నది. కావున కంప్యూటరు విషయమే చెప్పవలసియున్నది.

మా చిన్నతనమున బ్యాంకునకు పోవుట యనగా ఒక పూట పని. రాజమహేంద్రవరములో మా తండ్రిగారి వెంట బోయిన నాకు ఇత్తడి బిళ్ల యింకను జ్ఞాపకమున్నది. చీటి నిచ్చి బిళ్లను పుచ్చుకొని బల్లమీద కూర్చుండవలెను. లోపల నొక గుమాస్తా పెద్ద లెడ్జరును మోసికొని మరియొక గుమాస్తా బల్లపై వేయును. ఆయన సంతకమును సరిచూచి వేరొకరికి పంపును. నంబరు పిలుచుసరికి మధ్యాహ్నమగును. 1984లో రంగరాజన్ సంఘము బ్యాంకులలో యంత్రములను ప్రవేశపెట్టు విధమును సూచించినప్పుడు, 1989లో ఆ పేరిటనే రెండవ సంఘము కంప్యూటర్లను గూర్చి చెప్పినప్పుడు, ఉద్యోగులు భయపడిరి. ఉన్న కొలువులు పోవునని వాదించిరి. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. కాని జరిగినదేమి? 1996లో హైదరాబాదున రిజర్వుబ్యాంకు వారు బ్యాంకుల సాంకేతిక పరిశోధనకై ప్రత్యేకముగ నొక సంస్థను నెలకొల్పిరి. బ్యాంకుల నన్నిటిని కలుపు తీగెల బాట అచ్చటినుండియే వేయబడెను. శాఖ కొక లెడ్జరు పోయి బ్యాంకున కంతకు ఒకే లెడ్జరు వచ్చెను. 2005లో నెఫ్టు, 2016లో యూపీఐ వచ్చినవి.

కువైటులో వంటపని చేయుచున్న కోనసీమ ఆడుబిడ్డ పంపిన జీతము రాజోలులోని తల్లి ఖాతాకు చేరుటకు నేడు ఏ దళారియు అక్కరలేదు. తాటిపండ్ల బండివాడు గూడ గీతలబొమ్మ నొకదానిని వ్రేలాడదీసి రూపాయలను పుచ్చుకొనుచున్నాడు. ఇది సామాన్యమైన మార్పు గాదు. ప్రభుత్వపు బ్యాంకులు మందకొడివనియు, అవి యెన్నటికి మారవనియు వెక్కిరించినవారు నేడు మాట మార్చుకొనవలసినదే. దేశములో జనధన ఖాతాలు 50 కోట్లకు మించినవి. వానిలో అత్యధిక భాగమును తెరచినది ప్రభుత్వపు బ్యాంకులే గాని లాభార్జనపరులైన ప్రైవేటు బ్యాంకులు గావు.

ఇంతవరకు ప్రశంస. ఇక ఫిర్యాదు.

సొమ్మును ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు పంపుట యొకటి. సొమ్ము లేనివానికి అప్పిచ్చుట యొకటి. మొదటి పనిలో బ్యాంకు తపాలాబంట్రోతు వంటిది. రెండవ పనిలోనే అది బ్యాంకు. తపాలా పని ఎంత బాగుగ జరుగుచున్నదో అప్పు పని అంత బాగుగ జరుగుచున్నదా యని గోదావరి మండలములలో విచారించినచో, సమాధానము కౌలురైతు నడిగి తెలిసికొనవలసియుండును.

ఆర్థర్ కాటను దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన ఈ డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరములకు నీరు పారుచున్నదన్న సంగతి బడిపిల్లలకు గూడ తెలియును. ఆ నీరు పారు భూమిని నేడు దున్నుచున్నవారెవరు? పట్టాదారు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నాడు. ఊరిలోనున్న కామందుగూడ వయసు మళ్లినవాడై, పిల్లలు సేద్యమునకు రాక, చేలను కౌలున కిచ్చుచున్నాడు. కాలువక్రింద ఏ ఊరికి పోయినను చేలో దిగినవారిలో పెక్కుమంది కౌలుదారులే. ఎకరమునకిన్ని బస్తాలని నోటిమాటగా ఒప్పందము. కాగితము లేదు. సార్వాలో వరద వచ్చి మునిగినను, దాళ్వాలో నీరు చాలక ఎండినను, బస్తాలు మాత్రము కొలువవలసినదే. 2011లో కోనసీమ రైతులు పంటవిరామమును ప్రకటించి చేలను బీడుపెట్టినప్పుడు దేశమంతయు ఆశ్చర్యపడెను. అన్నముపెట్టు నేలమీద నాగలి ఆగుటకు కారణములు పెక్కు గలవు. పెట్టుబడికి తక్కువవడ్డీ సొమ్ము దొరకకుండుట వానిలో చిన్నది గాదు.

ఒక సంగతి చెప్పెదను. కొలది కాలము క్రిందట ఒక కౌలురైతు నాయొద్దకు వచ్చెను. ఊరును బ్యాంకును పేర్కొనను. పేర్కొన్నయెడల ఇది ఆ ఒక్క శాఖను గూర్చిన తగవుగా మారిపోవును. ధాన్యపు కమీషను వ్యాపారి అతనిమీద ప్రామిసరీనోటు దావా వేసినాడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. నాలుగెకరముల కౌలుసేద్యము, రెండు పంటలు వరుసగా దెబ్బతినినవి. వాదమునకై అతనివద్దనున్న కాగితములన్నియు తెమ్మంటిని. ప్లాస్టిక్ సంచిలో తెచ్చిన కాగితములలో బ్యాంకు పాసుపుస్తకము గూడ నున్నది. పుటలు త్రిప్పుచుండగా ఒక విశేషము కనబడెను. వరుసగా ఆరు పంటలకు ధాన్యపు సొమ్ము ప్రభుత్వ కొనుగోలు ద్వారా ఆ ఖాతాలోనే జమపడియున్నది. తేదీలు, మొత్తములు సమస్తము స్పష్టముగ నున్నవి. మరి ఆ బ్యాంకులో పంటఋణము నెందుకు తీసికొనలేదని యడిగితిని.

"అడిగానండి బాబుగారూ," అనెను. "నేను పండించిన ధాన్యం డబ్బులు ఈ బ్యాంకులోనే పడతన్నాయండి. పండించడానికి డబ్బులడిగితే మాత్రం నువ్వు రైతువని మా కంప్యూటర్లో లేదంటన్నారండి."

ఈ రెండు వాక్యములకు నావద్ద ప్రతివాదము లేకపోయెను. ఒకే బ్యాంకు, ఒకే కంప్యూటరు, ఒకే మనుష్యుడు. కోతకాలమున అతడు రైతు. నాట్లకాలమున అతడు రైతు కాడు. దావాలో ఎంత రాజీ కుదిరినది, వడ్డీ ఎంత తగ్గినది అను సంగతి ఇచ్చట అనవసరము.

ఎందుచేత ఇట్లు జరుగుచున్నదో విడమరచి చూడవలెను. శాఖ మేనేజరు దుర్మార్గుడు గాడు. ఆయనకు ఊరిని తెలిసికొనుటకు తీరిక లేదు, మూడేండ్లకొకసారి బదిలీ. పూర్వపు మేనేజరు సాయంకాలము కాలువగట్టున నడచి, ఎవని చేను ఎట్లున్నదో కన్నులార చూచి అప్పిచ్చువాడని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. ఆ నడకలో తన కులమువానికి, సిఫారసు తెచ్చినవానికి ముందుగ అప్పిచ్చుటయు జరిగినది. ఆ మాటను దాచిపెట్టి పాతకాలమును పొగడుట న్యాయము గాదు. కంప్యూటరు వచ్చి ఆ పక్షపాతమును కొంత తగ్గించినది. కాని మేనేజరు కన్నులకు మారుగ అది దేనిని చూచుచున్నది? రెవిన్యూశాఖవారి భూమిరికార్డును. సర్వేనంబరును కొట్టగానే పట్టాదారు పేరు వచ్చును. 1బి నకలు తెరమీద ప్రత్యక్షమగును. ఆ సర్వేనంబరుమీద ఋణభారమును అచ్చటనే నమోదు చేయవచ్చును. దొంగ పాసుపుస్తకములు పెట్టి రెండు మూడు బ్యాంకులలో అప్పులు తెచ్చుట దీనివలన తగ్గినది, మెచ్చుకొనవలసినదే.

అయితే ఆ రికార్డులో భూమికి యజమాని యున్నాడు గాని పంటకు యజమాని లేడు. పట్టాదారు పట్టణములోనుండియే తన పాసుపుస్తకముమీద పంటఋణమును తీసికొనును. నిర్ణీత పరిమితిలో నూటికి 7 వంతున, గడువులో చెల్లించినవానికి 4 వంతున పడు వడ్డీ అది. పంట వేయనివానికి పంటఋణము! ఆ సొమ్ము ఏ స్థలము కొనుగోలుకు పోవునో, ఏ బ్యాంకులో డిపాజిటుగా నిలుచునో చెప్పనవసరము లేదు. తరువాత కౌలురైతు వచ్చి అదే సర్వేనంబరును చెప్పినచో, దీనిమీద ఇదివరకే ఋణమున్నదని కంప్యూటరు త్రోసివేయును. ఆ మాట అబద్ధము గాదు. అందుచేతనే దానిని ఖండించుట కష్టము.

చట్టము అడ్డమా యనిన అదియు గాదు. కిసాన్ క్రెడిట్ కార్డును గూర్చిన రిజర్వుబ్యాంకు ఉత్తరువులలో కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పాలికాపులు అర్హులని స్పష్టముగ నున్నది. పూచీ లేకుండ ఇవ్వదగిన వ్యవసాయ ఋణము 2025 జనవరి 1వ తేదీనుండి 2 లక్షల రూపాయలకు పెంచబడినది. బ్యాంకు ఋణములలో నూటికి 18 వంతులు వ్యవసాయమునకు, అందులో 10 వంతులు చిన్న, సన్నకారు రైతులకు చేరవలెనని లక్ష్యమున్నది. 2005-06 నుండి నాబార్డు వారు నలుగురు మొదలు పదిమంది వరకు కౌలురైతులు ఉమ్మడి బాధ్యతపై సంఘముగా చేరి అప్పు తీసికొను పద్ధతిని ప్రోత్సహించుచున్నారు. మన రాష్ట్రమున 2011లో కౌలుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చు చట్టము వచ్చెను. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చి, 11 నెలల ఒప్పందముతో కార్డు నిచ్చుటకు ఏర్పాటు చేసెను. భూమిమీద ఏ హక్కును దానివలన సంక్రమింపదని స్పష్టముగ వ్రాసినను, యజమాని సంతకమును మాత్రము కోరెను.

ఆ సంతకమువద్దనే కథ ఆగిపోయెను. కామందునకు భయము. పూర్వపు కౌలుదారీ చట్టములను, దున్నువానిదే భూమియను నినాదమును అతడు మరువలేదు. నా కక్షిదారులలో కామందులును గలరు. వారి భయము పూర్తిగా కల్పితమని నేను చెప్పజాలను. తెలిసిన న్యాయవాది 'సంతకము పెట్టుము, నీ భూమికి వచ్చిన భయమేమియు లేదు' అని చెప్పినను, 'ఆఁ, మీరు చెప్తారండి' అని నవ్వి ఊరకుందురు. పంటఋణము తమకే రావలెనన్న ఆశ గూడ ఆ నవ్వులో నున్నది. ఇంతకును తేలినదేమనగా, బ్యాంకు కౌలురైతును గుర్తించుటకు అతని యజమాని దయను పొందవలసియున్నది.

ఇచ్చటనే సమాచార సాంకేతికము నిజముగ పనికిరావలెను. సంతకము లేకున్నను ఫలానా వ్యక్తి ఫలానా చేలో పంట వేసెనని తెలిసికొనుటకు నేడు మార్గమున్నది. ఆ మార్గమును ప్రభుత్వమే వేసినది. 'ఈ-పంట' అను పేర గ్రామోద్యోగి చేనివద్దకు పోయి, ఏ సర్వేనంబరులో ఏ పైరు, ఎన్ని ఎకరములు, ఎవరు వేసిరి అని ఛాయాచిత్రముతోసహ యెక్కించుచున్నాడు. ధాన్యము కొనునప్పుడు ఆ నమోదే ఆధారము. ఆ ఆధారముమీదనే నా కక్షిదారుని ఖాతాలో ఆరు పంటల సొమ్ము పడినది. అనగా ప్రభుత్వము కుడిచేతితో వ్రాసిన రికార్డును ప్రభుత్వపు బ్యాంకు ఎడమకంటితోనైన చూచుట లేదన్నమాట.

ఈ-పంటలో లోపములు లేవనుట లేదు. కామందు బెదిరించి తన పేరనే వ్రాయించుకొను ఊళ్లు గలవు. చేనికి పోకుండ కార్యాలయములో కూర్చుండి వ్రాయు ఉద్యోగులును గలరు. వేరొక చిక్కు ఇంకను ముఖ్యమైనది. ఈ-పంట నాట్లు పడిన తరువాత నమోదగును. అప్పు నాట్లకు ముందు కావలెను. ఈ చిక్కునకు విరుగుడు కష్టము గాదు. గడచిన పంటల నమోదును చూడవచ్చును. వరుసగా రెండు మూడు పంటలు ఒకే ఊరిలో సేద్యముచేసి ధాన్యమును అమ్మినవానికి, ఈ సారియు సేద్యము చేయుననుకొని, జిల్లాలో ఎకరమునకు నిర్ణయించిన ఋణపరిమితిలో సగము ముందుగ నీయవచ్చును. నాట్లు పడి నమోదైన పిదప తక్కిన సగము నీయవచ్చును. ధాన్యపు సొమ్ము ఆ ఖాతాకే వచ్చుచున్నది గనుక వసూలునకు ఇంతకన్న గట్టి మార్గము ఏ వడ్డీవ్యాపారికిని లేదు. కమీషను వ్యాపారి చేయుచున్నదియు ఇదియేగదా! పంట తన కొట్టునకే వచ్చునను నమ్మకముమీద అతడు అప్పిచ్చుచున్నాడు. అతనికి 1బి నకలుతో పని లేదు.

ఈ పని చేయుటకు యోగ్యత యూనియన్ బ్యాంకునకు మిక్కిలిగా నున్నది. ఆంధ్రాబ్యాంకు వారసత్వముతోబాటు ఈ మండలముల శాఖలును, రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సంఘమును సమావేశపరచు బాధ్యతయు దానికి సంక్రమించినవి. 2025 మే 1వ తేదీని రాష్ట్రములోని నాలుగు గ్రామీణబ్యాంకులు ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణబ్యాంకుగ ఏర్పడినప్పుడు దాని పోషణయు ఆ బ్యాంకునకే వచ్చెను. మన చైతన్య గోదావరి గ్రామీణబ్యాంకు అందులో కలిసినదే. అంతేకాదు. 2022 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకు వారు కిసాన్ క్రెడిట్ కార్డు ఋణమును కాగితము లేకుండ కంప్యూటరుద్వారానే మంజూరు చేయు ప్రయోగమును మధ్యప్రదేశ్, తమిళనాడు రాష్ట్రములలోని కొన్ని జిల్లాలలో ఆరంభించినప్పుడు పాల్గొనినవి రెండే బ్యాంకులు; వానిలో నొకటి యూనియన్ బ్యాంకు. రైతు పలుమారులు తిరిగి రెండు మొదలు నాలుగు వారములు వేచియుండు బాధను తొలగించుటయే ఆ ప్రయోగపు ఉద్దేశము. 2023 ఆగస్టులో అది విస్తరించి, 2024లో ఏకీకృత ఋణ వేదికయను రూపమును దాల్చెను.

ప్రయోగము మంచిదే. కాని దాని పునాదియు భూయాజమాన్యపు రికార్డే. పట్టాదారునకు నాలుగు వారముల పని నాలుగు నిమిషములలో ముగియును. కౌలురైతునకు నాలుగు వారముల తరువాత వచ్చు 'లేదు' అను మాట నాలుగు నిమిషములలో వచ్చును. ఆ వేదికకు భూమిరికార్డులతో బాటు పాలు పోయు రైతుల సమాచారము, ఉపగ్రహ ఛాయాచిత్రములు మొదలైనవి జతచేయవచ్చునని రిజర్వుబ్యాంకు వారే చెప్పియున్నారు. పాలకేంద్రములో పోసిన పాలు సాక్ష్యమగునప్పుడు, కొనుగోలు కేంద్రములో తూచిన ధాన్యము ఎందుకు సాక్ష్యము కాదు?

బ్యాంకువారి పక్షమున చెప్పదగినది లేకపోలేదు. కౌలురైతు ఏటేట చేలు మార్చును. ఊరు విడిచి పోయిన నెక్కడ వెదకవలెను? ఋణమాఫీ వాగ్దానములు విని చెల్లింపులు మానినవారిని 2014 ప్రాంతమున వారు చూచియున్నారు. ఈ వాదములను కొట్టివేయను. కాని ఇదే బ్యాంకులు ఇదే ఊళ్లలో స్వయంసహాయక సంఘముల స్త్రీలకు భూమి తాకట్టు లేకుండ లక్షలాది రూపాయల నిచ్చినవి. ఆ స్త్రీలు చెల్లించుచున్నారు. ఆ స్త్రీలలో పెక్కుమంది కౌలురైతుల భార్యలే! భార్య సంఘములో తెచ్చిన అప్పు భర్త కౌలుచేనిలో ఎరువగుచున్నదని ఊరిలో ఎవరిని అడిగినను చెప్పుదురు. భార్యను నమ్మిన బ్యాంకు భర్తను నమ్ముట లేదు. ఆమెపై ఉంచిన నమ్మకముతోనే అతని సేద్యమును గట్టెక్కించుచున్నది. మరి ఆ భారమును నేరుగ తన లెక్కలో వ్రాసికొనరాదా?

న్యాయవాదిగా ఇంకొక మాట చెప్పక తప్పదు. కంప్యూటరు చెప్పినదే వేదమను భావము బ్యాంకులలోనే గాక కోర్టులలోను పాకుచున్నది. బ్యాంకు పుస్తకముల సాక్ష్యచట్టము 1891 నాటిది; నకలుతో ఒక ధ్రువపత్రమున్న చాలును, అసలు పుస్తకమును కోర్టునకు తేనక్కరలేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఆ సౌకర్యమును కంప్యూటరు అచ్చుప్రతులకు గూడ విస్తరింపజేసినది. అవసరమైన మార్పే. కాని లెక్కపుస్తకములోని పద్దు తనంతతాను ఒకనిని ఋణగ్రస్తుని చేయజాలదను సూత్రమును 1872 నాటి సాక్ష్యచట్టము పెట్టెను. 2023 నాటి క్రొత్త చట్టమును దానిని నిలిపెను. ఈ సూత్రమును మరచిన దేశమున నేమి జరిగెనో ఇంగ్లాండును చూచి తెలిసికొనవచ్చును. అచ్చటి ప్రభుత్వపు తపాలా సంస్థ తన చిన్న తపాలా కార్యాలయములలో హొరైజన్ అను కంప్యూటరు లెక్కను ప్రవేశపెట్టెను. 1999 మొదలు 2015 వరకు ఆ లెక్కలో కనబడిన లోటును పోస్టుమాస్టర్లు దొంగిలించిరని నమ్మి, 900 మందికి పైగా శిక్షలు వేసిరి. కొందరు చెరసాలకు పోయిరి. కొందరు ఆత్మహత్య చేసికొనిరి. తప్పు మనుష్యులది గాదు, కంప్యూటరుదని తేలి 2024లో ఆ శిక్షలను రద్దుచేయుటకు పార్లమెంటు చట్టమునే చేయవలసివచ్చెను. అక్షరాస్యులు, లెక్కలు తెలిసినవారు, సొంతభాషలో వాదించుకొనగలవారు. వారి గతియే అట్లయిన, ఇంగ్లీషు తెరమీద వచ్చిన మూడక్షరముల తిరస్కారమును చూచి ఇంటికి మరలు కౌలురైతు గతియేమి?

వేలిముద్రల సంగతియు ఇట్టిదే. ఊడ్పులలో, కోతలలో అరిగిన వేళ్లను యంత్రము గుర్తింపక, తన ఖాతాలోని సొమ్మునకే మూడు మార్లు తిరుగు ముసలివారిని మనమందరము చూచుచున్నాము. దీనిని గూర్చి ఎక్కువ వ్రాయను. యంత్రము గుర్తింపనప్పుడు మనుష్యుడు గుర్తింపవలెనను నియమము ఒక్కటి అమలైన చాలును.

అడుగుచున్నది పెద్ద వరము గాదు. అప్పు లేదని చెప్పునప్పుడు ఎందుకు లేదో తెలుగులో వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి ఇయ్యవలెను. ఆ కాగితము చేతనున్న జిల్లా సంప్రదింపుల సంఘములో అడుగవచ్చును, అంబుడ్స్‌మనుకు వ్రాయవచ్చును, కోర్టులో పెట్టవచ్చును. నోటిమాటగా వచ్చిన 'లేదు' మీద అప్పీలు లేదు. రెండవది, పంటఋణమును అడుగు పట్టాదారు పేరు ఈ-పంటలో ఉన్నదో లేదో బ్యాంకు చూడవలెను. లేనిచో అతనికి భూమి తాకట్టుమీద వేరు అప్పు నీయవచ్చును గాని, తక్కువవడ్డీ పంటఋణము నీయరాదు. ఈ ఒక్క షరతును కంప్యూటరులో పెట్టినచో, కౌలుకార్డుమీద సంతకము పెట్టుటకు కామందునకు గల అభ్యంతరములలో సగము తనంతట తానే తొలగిపోవునని నా నమ్మకము. మూడవది పైన చెప్పితిని: పండిన ధాన్యపు చరిత్రనే పరపతిగా నెంచవలెను. వీనిలో ఏ యొక్కదానికిని క్రొత్త చట్టము అక్కరలేదు. క్రొత్త యంత్రము అక్కరలేదు. ఇదివరకే ఉన్న రెండు రికార్డుల నడుమ ఒక తీగె చాలును.

కౌలురైతు సంఘములవారికి, ఊళ్లలో పనిచేయు సేవకులకు ఒక విన్నపము. ధర్నాలు చేయుచున్నాము, చేయవలసినదే. దానితోబాటు ఈ-పంట నమోదు జరుగుదినములలో చేనిగట్టున మనమును ఉండవలెను. సాగుచేయువాని పేరు పడినదో లేదో చూడవలెను. జాబితాను గ్రామ సచివాలయములో ప్రదర్శించినప్పుడు చదివి వినిపించి, తప్పులున్న గడువులోగా అభ్యంతరమును వ్రాసియీయవలెను. కాపు చేతికి వచ్చి, ధాన్యము తూకమునకు పోయినప్పుడు, రసీదును పారవేయక దాచుకొమ్మని చెప్పవలెను. రేపు బ్యాంకులోనైన, కోర్టులోనైన మనకు మిగులు సాక్ష్యము అదియే.

నా కక్షిదారుడు మరల అదే చేనిని కౌలునకు పట్టినాడు. ఆరు పంటల పద్దులున్న పాసుపుస్తకపు నకలు, ఈ-పంట నకలు జతచేసి, ఋణమునకు తెలుగులో దరఖాస్తు వ్రాసి ఇచ్చితిని. అందినట్లు ముద్ర వేయించుకొని రమ్మంటిని. ముద్ర వేసిరి. నారుమడి పోసినాడు. సమాధానమింకను రాలేదు.